గీత చెప్పే సాక్ష్యం: సింగరేణి – గోదావరి అడవి అంచున రేఖాచిత్రకళ

మన సంఘాలలో ‘డ్రాయింగ్’ అనే మాట సాధారణంగా సండే స్కూలు గదిలోనే వినిపిస్తుంది. నోవహు ఓడకు రంగులు వేయించడం, క్రిస్మసుకు నక్షత్రం గీయించడం, వి.బి.ఎస్. ముగియగానే ఆ కాగితాలను మరచిపోవడం మనకు అలవాటు. చిత్రకళా పాఠశాలలలో కూడా చాలాకాలం దీని స్థానం దాదాపు ఇంతే. తైలవర్ణ చిత్రానికి ముందు వేసుకునే చిత్తు, శిల్పానికి ముందు తీసుకునే కొలత అని దానిని ఎంచేవారు. మేడకు కట్టే సారవ వంటిదన్నమాట. మేడ లేచాక దానిని విప్పేస్తారు.

గడచిన యాభై సంవత్సరాలలో ఈ అభిప్రాయం మారింది. 1976లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం ‘డ్రాయింగ్ నౌ’ అనే ప్రదర్శన జరిపి, 1955 నుండి 1975 వరకు వచ్చిన రేఖాచిత్రాలను స్వతంత్ర కృతులుగా నిలబెట్టింది. మరుసటి సంవత్సరం అదే నగరంలో కేవలం రేఖాచిత్రాల కోసమే ‘డ్రాయింగ్ సెంటర్’ అనే సంస్థ వెలసింది. మన దేశంలో బరోడా కళాశాలలో బోధించిన నస్రీన్ మొహమదీ (1937–1990) వస్తువు ఊసే లేకుండా, సన్నని సరళరేఖలతోనే జీవితకాలపు కృషి చేసింది. వంగదేశపు కరవులో, 1943లో, చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగి ఆకలితో చనిపోతున్నవారిని నల్ల సిరాతో గీసి పుస్తకంగా వేస్తే, ఆనాటి ప్రభుత్వం ఆ ప్రతులను పట్టుకొని తగులబెట్టించింది. చిత్తుకాగితానికి ఏ ప్రభుత్వమూ అంత భయపడదు.

గీతకు ఇంత బలం ఎక్కడిది? దీనికి జవాబును నేను పరిచర్య చేస్తున్న కారేపల్లి చుట్టుపట్ల అడవి అంచునే వెదకవచ్చునని ఈ వ్యాసం అభిప్రాయం. గీసిన గీత వస్తువుకు నకలు అని మనం అనుకుంటాము. నిజానికి అది గీసిన మనిషి ఇచ్చే సాక్ష్యం. సాక్షి ఎవరో, ఎక్కడ నిలబడి చూశాడో విచారించకుండా సాక్ష్యాన్ని స్వీకరిస్తే ఏమవుతుందో మన ప్రాంత చరిత్రలోనే, అదీ సిలువ గుర్తు విషయంలోనే, ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ముందుగా దానిని చూద్దాము.

కాటాపూర్ సిలువలు

గోదావరి కుడి గట్టు వైపున, నేటి ములుగు జిల్లాలోని కాటాపూర్, మల్లూరు, మంగపేట అడవులలో, మనవారు రాక్షసగూళ్ళు అని పిలిచే ప్రాచీన సమాధులున్నాయి. బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద పలక కప్పిన గదులవి. కొన్నిచోట్ల వాటి ప్రక్కన ఒకే రాతి నుండి మలచిన నిలువెత్తు ఆకారాలు కనిపిస్తాయి. పైన తల వంటి ముక్క, ఇరువైపుల చేతుల వంటి కొమ్ములు. దూరం నుండి చూస్తే అచ్చంగా సిలువ.

సర్వే శాఖలో పనిచేసిన మల్హెరాన్ అనే అధికారి వీటి సమాచారాన్ని 1868లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి అందజేశాడు. నాలుగేళ్ళకు, 1872లో, లండనులో జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచ దేశాలలోని మొరటు రాతి కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో కాటాపూర్ సిలువ బొమ్మ అచ్చయింది. మల్హెరాన్ సమాచారం మీద ఆధారపడిన ఫెర్గూసన్ వాటిని క్రైస్తవ సిలువలుగానే తలచాడు. మన దేశంలో రాక్షసగూళ్ళు క్రీస్తు తరువాత అనేక శతాబ్దాల దాకా కట్టబడ్డాయన్న తన వాదానికి దానిని ఆధారం చేసుకున్నాడు.

ఇక్కడ గీత చేసిన పని ఏమిటో ఆలోచించాలి. ఆ బొమ్మ అబద్ధం చెప్పలేదు. రాతి అంచు ఎక్కడుందో అక్కడే గీత వెళ్ళింది. అయితే అంచును మాత్రమే చూపే గీతకు ఒక గుణం ఉంది. లోపల ఏముందో చెప్పకుండా ఆ ఖాళీని చూచేవానికి వదలివేస్తుంది. సిలువను ఎరిగిన కన్ను ఆ ఖాళీలో సిలువను పెట్టుకుంది. అదే బొమ్మను మన గూడెంలోని ఒక ముసలమ్మకు చూపితే చేతులు చాచి నిలబడిన మనిషి అంటుంది. పిల్లవాడు బువ్వ అడుగుతూ చేతులు చాచినట్లుంది అనవచ్చు. లండను పాఠకునికి ముసలమ్మ కన్ను లేదు.

ఇదే కాలంలో అదే అడవిలో మరొక మనిషి తిరిగాడు. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నది ఆయనే. ఇక్కడి ప్రధాన బొగ్గు పొర నేటికీ కింగ్ పొర అనే పిలువబడుతున్నది. 1886లో గని హక్కులు పొందిన హైదరాబాదు దక్కను కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ అయింది. కారేపల్లి ఏ మండలానికి కేంద్రమో ఆ సింగరేణి పేరే కంపెనీకి దక్కింది. గని కార్మికుల పిల్లలకు బాప్తిస్మమిచ్చే మనలో చాలామందికి కింగ్ పేరు బొగ్గుతోనే ముడిపడి ఉంది గాని, ఆయన 1877లో మంగపేట సమీపంలోని ఇవే రాళ్ళను గురించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడని తెలిసినవారు తక్కువ. ఆ వ్యాసం శీర్షికలోనే ఆయన చూపిన జాగ్రత్త గమనార్హం. అది చరిత్ర పూర్వపు శ్మశానవాటిక అన్నాడు. రాళ్ళను సిలువాకారపు ఏకశిలలు అన్నాడు. సిలువలు అనలేదు, సిలువాకారం అన్నాడు. ఆకారం కంటికి సంబంధించినది, సిలువ విశ్వాసానికి సంబంధించినది. పొరలు చూసి భూమి వయస్సు చదవడం వృత్తిగా గలవానికి ఈ తేడా తెలిసింది.

తరువాతి పరిశోధన కింగ్ జాగ్రత్తనే సమర్థించింది. ఇటువంటి రాళ్ళలో కొన్నింటికి స్తనాలు కూడా చెక్కి ఉన్నాయి. అవి మనుష్యరూపాలు, బృహత్ శిలాయుగపు వారు తమ మృతుల దగ్గర నిలిపినవి అని నేటి పురావస్తు పండితుల నిర్ణయం. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావుగారు మనకు మరింత దగ్గరగా, ఇల్లెందు దాటితే వచ్చే గుండాల మండలంలోని దొంగతోగు వద్ద కూడా మనుష్యరూప శిల్పాలను గుర్తించారు.

ఇది మనకు ఎందుకు ముఖ్యం? ‘గోదావరి తీరంలో వెయ్యేండ్ల క్రిందటే సువార్త అందింది, రాళ్ళే సాక్ష్యం’ అని ప్రసంగంలో చెప్పాలన్న శోధన మనకు కలుగుతుంది. కలిగిన చోట కరతాళధ్వనులు కూడా బాగా వస్తాయి. కాని అది మరొకరి తండ్రి సమాధి మీద మన పేరు రాసుకోవడమే. ఈ అడవిలో సువార్త చరిత్ర దాచుకోవలసినంత చిన్నదేమీ కాదు. 1860లో దుమ్ముగూడెంలో జలరవాణా పనులు చూస్తున్న కెప్టెన్ హేగ్ ప్రోత్సాహంతో కోయల మధ్య పరిచర్య ఆరంభమైంది. సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ అక్కడ దీర్ఘకాలం ఉండి కోయల జీవనాన్ని గురించి 1870లలో, ఆ తరువాత కూడా వ్రాశాడు. తేదీలు గల ఈ చరిత్ర మనకు చాలు.

పడిగె

సర్వేవాళ్ళు ఈ అడవిని గీయడానికి చాలాముందే ఈ అడవి తనను తాను గీసుకుంటున్నది. కోయలు మూడవ గట్టు, నాలుగవ గట్టు అంటూ ఏడవ గట్టు వరకు గట్టులుగా విభజింపబడి ఉన్నారు. ఆయా గట్టుల ఇలవేల్పులకు పడిగెలు ఉంటాయి. పడిగె అంటే త్రికోణాకారపు గుడ్డ జెండా. దాని మీద మూలపురుషులు, వేల్పులు, జంతువులు, గుర్తులు బొమ్మలుగా ఉంటాయి. కొలుపు సమయంలో డోలీలు అనే కథకులు డోలు వాయిస్తూ, పడిగె ఎదుట వంశచరిత్రను పాడతారు.

పడిగె బొమ్మలో మనిషికి కండలు ఉండవు, నీడ ఉండదు, దూరం దగ్గర అనే లెక్క ఉండదు. కళాశాలలో చదివినవారు దీనిని చేతకానితనంగా చూస్తే పొరపాటు. పాడేవానికి కావలసింది పేరు గుర్తుకు రావడం, వరుస తప్పకపోవడం. వంశంలో ఎవరి తరువాత ఎవరు, ఎవరు ఏనుగు ఎక్కారు, ఎవరు ఏరు దాటారు అనేది గీత చెబితే చాలు. గీత ఇక్కడ సగం సాక్ష్యం. మిగిలిన సగం పాట. ఫెర్గూసన్ బొమ్మకు లేనిది ఇదే. పడిగెలోని ఖాళీని నింపే హక్కు ఆ పాట నేర్చినవానికే ఉంటుంది.

ఆ పాట నేర్చినవారిలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారిని దేశం ఆలస్యంగానైనా గుర్తించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. సమ్మక్క కథను, కోయ వంశచరిత్రలను ఆయన నోటనే పాడేవారు. 2024 జూనులో ఆయన కన్నుమూశారు. అటువంటివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతే పడిగెలు మిగులుతాయి గాని సగం సాక్ష్యంగానే మిగులుతాయి. అప్పుడు వాటికీ కాటాపూర్ రాళ్ళ గతే పట్టవచ్చు. ఎవరికి తోచినది వారు చదువుతారు.

పాట గీతలోకి వెళ్ళి బ్రతికిన ఉదాహరణ ఒకటి మధ్యప్రదేశ్‌లో ఉంది. గోండులకు వంశగాథలు పాడేవారు ప్రధానులు. మన డోలీల వంటివారే. ఆ ప్రధాన కుటుంబంలో, పాటన్‌గఢ్ గ్రామంలో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుని ప్రతిభను 1980ల తొలినాళ్ళలో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం గుర్తించి భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకువచ్చింది. ఇంటి గోడ మీద వేసే బొమ్మను అతడు కాగితం మీదికి, సిరాలోకి తెచ్చాడు. ఒక జింక శరీరాన్ని చుక్కలతో, చిన్న చిన్న గీతలతో వరుసలు వరుసలుగా నింపుతుంటే ఆ వరుసలలో పాట లయ కనిపిస్తుంది. దానిని అనుసరించి ఆ గ్రామం నుండి ఒక తరం చిత్రకారులే వచ్చారు. అతడు మాత్రం 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ, ఇల్లు చేరకుండానే, తన ప్రాణం తానే తీసుకున్నాడు. గిరిజన చిత్రకారుని చేయి లోకానికి ఎంత కావాలో, ఆ చేయి గల మనిషి అంతగా అక్కరలేదేమో అన్న ప్రశ్న అప్పటి నుండి మిగిలే ఉంది. మన కోయ గూడేలలో జన్‌గఢ్ వంటి చేతులు లేవని ఎవరూ చెప్పలేరు.

బొగ్గు

చిత్రకారులు గీయడానికి వాడేది కట్టెబొగ్గు. మన గనులలో దొరికేది రాక్షసి బొగ్గు. (వయస్సు తెలియని ప్రతిదానినీ మన భాష రాక్షసులకు అప్పగిస్తుంది. సమాధులనూ, బొగ్గునూ కూడా.) రెండూ వేరైనా, గని ప్రాంతానికీ బొగ్గు గీతకూ కళాచరిత్రలో ఒక సంబంధం ఉంది. పాస్టర్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగిన సంబంధం అది.

1878 చివరలో వాన్‌గో అనే డచ్చి యువకుడు బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతానికి సువార్తికునిగా వెళ్ళాడు. తన బట్టలు పంచిపెట్టాడు, గుడిసెలో నేల మీద పడుకున్నాడు. 1879లో అతని నియామకం కొనసాగించబడలేదు. వాక్చాతుర్యం లేదన్నారు. ప్రసంగపీఠం పోయిన తరువాత, 1880లో, ఆ గని కార్మికులను గీయడం మొదలుపెట్టాడు. మంచులో గనికి నడచి వెళ్ళే స్త్రీ పురుషుల బొమ్మ ఆ సంవత్సరానిదే. చేయి ఇంకా తిరగలేదు. మనుష్యులు కొయ్యబొమ్మల వలె ఉన్నారు. అయినా వంగిన వీపులను గీసిన తీరులో ప్రసంగంలో చెప్పలేకపోయినది ఏదో ఉంది. షిఫ్టు సైరను మోగినప్పుడు ఇల్లెందులోనో కొత్తగూడెంలోనో గని దారిన నిలబడి చూసినవారికి ఆ వీపులు పరిచయమే.

మన కాలంలో దక్షిణాఫ్రికాకు చెందిన విలియం కెంట్రిడ్జ్ (జననం 1955) ఈ బొగ్గునే మరొక విధంగా వాడాడు. ఒకే కాగితం మీద బొగ్గుతో గీస్తాడు, ఫొటో తీస్తాడు, కొంత చెరిపి మార్చి గీస్తాడు, మళ్ళీ ఫొటో తీస్తాడు. అలా 1989 నుండి చలనచిత్రాలు తయారుచేశాడు. చెరిపినా బొగ్గు మచ్చ పూర్తిగా పోదు. ముందున్న గీత నీడవలె వెనుక కనిపిస్తూనే ఉంటుంది. 1991లో వచ్చిన ‘మైన్’ అనే చిత్రంలో గని యజమాని మంచం మీద కూర్చొని కాఫీ కాచుకుంటాడు. ఆ పాత్రలోని కాడ క్రిందికి దిగి, మంచాన్ని దాటి, నేలను దాటి, గని లోతులకు పోతుంది. దారిలో పడుకున్న కార్మికులు, స్నానం చేస్తున్న కార్మికులు. పైన కాఫీకీ క్రింద ఊపిరికీ మధ్య ఉన్నది ఒక్క గీత. ఇది రంగులతో చెప్పగలిగేది కాదని నా అభిప్రాయం. చెరిపినా చెరగని మచ్చ బొగ్గుకే ఉంది.

తెలుగువారిలో గీతను గురించి మాట్లాడితే బాపు (1933–2014) పేరు తలవనివారు ఉండరు. ఆయన గీత మన శుభలేఖల దాకా వచ్చింది. అందరికీ తెలిసినది కనుక దానిని విస్తరించను. నేను ఆగదలచినది కె. లక్ష్మాగౌడ్ దగ్గర. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, 1963లో హైదరాబాదు కళాశాలలో చదువు ముగించి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రణ, ముద్రణ నేర్చి, తిరిగి తన పల్లెను గీసిన మనిషి. 1960ల చివర, 1970లలో ఆయన పెన్నుతో గీసిన నలుపు తెలుపు చిత్రాలలో మేకలు, చెట్లు, ఆడవారు, మగవారు ఒకరిలో ఒకరు పెరిగినట్లుంటారు. దగ్గరదగ్గరగా వేసిన సన్నని గీతలతో చర్మం, బెరడు, మేక బొచ్చు మూడూ ఒకే పదార్థంగా కనిపిస్తాయి. ఆ నగ్నత్వం మన పాఠకులలో కొందరికి ఇబ్బంది కలిగించవచ్చు. పరమగీతమును గ్రంథములో ఉంచుకున్న మనము ఆ ఇబ్బందిని దాటి చూడగలగాలి. పల్లెను అందమైన బొమ్మగా చేసి పట్నానికి అమ్మే గీత కాదది. ఆకలి, కోరిక, భయం పల్లెలోనూ ఉంటాయని చెప్పే గీత.

తోట వైకుంఠం (జననం 1942, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి) పెద్ద బొట్టు, ముదురు చీరల తెలంగాణ స్త్రీలను రంగులలో గీసి ప్రసిద్ధుడయ్యాడు. ఆయన బొగ్గుతో కాగితంపై గీసినవి నాకు ఎక్కువ నచ్చుతాయి. రంగు పోగానే ఆ స్త్రీ బరువు తెలుస్తుంది. భుజం దగ్గర ఆగిన ఒక్క మందపు గీతలో పొలం పని, బిడ్డల పని రెండూ ఉంటాయి. 1988లో వచ్చిన ‘దాసి’ చిత్రానికి కళా దర్శకునిగా జాతీయ పురస్కారం పొందినవాడు ఆయనే. దొర గడీలో దాసి ఎలా నిలబడుతుందో తెలిసిన చేయి అది.

పెంకు మీద పట్టణం

ఇంతవరకు చదివినవారు నిర్గమకాండము 20:4 గుర్తుచేస్తారని నాకు తెలుసు. రూపము చేసుకొనవద్దన్న ఆజ్ఞ సాగిలపడుటను గురించినది. గీచుటనే నిషేధించినదైతే యెహెజ్కేలు 4:1 మనకు చిక్కు తెచ్చిపెడుతుంది. అక్కడ దేవుడే ప్రవక్తకు ఒక పెంకు తీసుకొని దానిమీద యెరూషలేము పట్టణపు రూపాన్ని వ్రాయమంటాడు. తరువాత దాని చుట్టూ ముట్టడి వేయమంటాడు. వినని జనుల ఎదుట మాటకు బదులుగా గీత నిలిచింది. అది పట్టణానికి అలంకారం కాదు, పట్టణం మీద సాక్ష్యం. లండను అచ్చు, పడిగె, బొగ్గు కాగితం అన్నీ ఈ అర్థంలోనే పెంకులు. ఏ పెంకును ఎవరు, ఎవరి ఎదుట పెట్టారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న పుస్తకాలలోనే ఉండిపోయేది కాదు. మా పరిచర్య పరిధిలోని ఒక గూడెంలో పడిగెను దాచి ఉంచే కుటుంబంలో పెద్ద కుమారుని ఇల్లు కొన్నేళ్ళ క్రిందట బాప్తిస్మం పొందింది. పడిగెను ఏమి చేయాలి అని సంఘంలో చర్చ వచ్చింది. కాల్చివేయాలని కొందరు యౌవనస్థులు గట్టిగా అన్నారు. అది ఆ ఇంటి సొత్తు కాదని, గట్టు మొత్తానికి చెందినదని, మనది కాని దానిని కాల్చే అధికారం మనకు లేదని నేను చెప్పాను. విశ్వాసి ఇంట కొలుపు జరగనక్కరలేదు, వంశం పేర్లు మరచిపోనూ అక్కరలేదు అని కూడా చెప్పాను. అందరూ ఒప్పుకున్నారనను. ఒక కుటుంబం కొంతకాలం ఆరాధనకు రావడం మానేసింది.

చివరకు పెద్దాయన తమ్ముడు, ఆయన మన సంఘస్థుడు కాదు, పడిగెను తన ఇంటికి తీసుకువెళ్ళడానికి ఒప్పుకున్నాడు. తీసుకువెళ్ళే ముందు రెండు రోజులు దానిని మంచం మీద పరచి ఉంచారు. తొమ్మిదవ తరగతి చదువుతున్న మనవరాలు డ్రాయింగ్ నోటుపుస్తకంలో ఒక్కొక్క బొమ్మనూ పెన్సిలుతో దించి, ‘తాతా, ఇదెవరు?’ అని అడుగుతూ, ముసలాయన చెప్పిన పేరును బొమ్మ క్రింద తెలుగు అక్షరాలలో రాసింది. ఆ పుస్తకం నేను చూశాను. రెండు బొమ్మల పేర్లు తాతకు కూడా గుర్తు రాలేదు. వాటి క్రింద ఆమె స్కేలుతో ఒక గీత గీసి ఖాళీగా ఉంచింది. మణుగూరు వైపు ఎవరైనా డోలీలు వస్తే అడగాలట.